చేపల వ్యానులో పసుపు మరక

పాలకొల్లులో నరసాపురం రోడ్డు మీద ఉన్న ఎజ్రా షెడ్డుకి బోర్డు లేదు. ఒకప్పుడుండేది. గాలివానకి ఎగిరిపోతే మళ్ళీ పెట్టించలేదు. పెట్టించాల్సిన అవసరమూ రాలేదు. మిగతా మెకానిక్కులు ఒక బండి మీద చేతులెత్తేశాక "ఎజ్రా దగ్గరికి తీసుకెళ్ళండి, ఆయన తేలుస్తాడు" అని పంపిస్తారు. అంటే అతని దగ్గరికి వచ్చే బండి అప్పటికే నలుగురి చేతుల్లో నలిగి, సగం బోల్టులు పోగొట్టుకుని, యజమాని ఓపిక పూర్తిగా హరించాక వస్తుందన్నమాట. ఇంకొకరైతే విసుక్కుని చచ్చేవారు. ఎజ్రా మాత్రం స్టూలు లాక్కుని కూర్చుని ముందు మూడు ప్రశ్నలు అడుగుతాడు. ఆఖరిసారి బాగా నడిచింది ఎప్పుడు? ఆఖరిసారి చెయ్యేసింది ఎవరు? రాత్రిళ్ళు ఎక్కడ పెడతారు? ఈ మూడింటికీ సరైన జవాబు దొరికితే సగం పని అయిపోయినట్టే అంటాడు. బండి అబద్ధమాడదు, తెచ్చినవాళ్ళే కాస్త అటూ ఇటూగా చెప్తారని అతని అభిప్రాయం.

అతని తండ్రి చిట్టియ్య రైతుల పొలాల్లో కూలికి వెళ్ళేవాడు. ఆదివారం మాత్రం ఇస్త్రీ చొక్కా తొడుక్కుని లూథరన్ చర్చిలో గంట కొట్టేవాడు. కొడుకు టీచరవుతాడని ఆశపడ్డాడు. కొడుకు పదో తరగతి రెండుసార్లు తప్పి, భీమవరంలో పల్లంరాజు గారి దగ్గర డైనమోలకి రాగితీగ చుట్టే పనిలో చేరాడు. అక్కడ తొమ్మిదేళ్ళు చేశాడు. సొంతంగా షెడ్డు పెట్టుకుని నాలుగు రాళ్ళు వెనకేసుకునే సమయానికి బళ్ళలోకి కంప్యూటర్లు దిగాయి. పని తెలిసిన చాలామంది అక్కడే ఆగిపోయారు. ఎజ్రా ఒక పాడైపోయిన కంప్యూటరు డబ్బా తెచ్చుకుని, భోజనాల బల్ల మీద విప్పి, ఫోనులో హిందీ వీడియోలు పెట్టుకుని చూసేవాడు. మాట ముక్క అర్థమయ్యేది కాదు, చేతులు మాత్రం అర్థమయ్యేవి. భార్య ప్రసన్నకుమారి ఆ బల్ల మీద అన్నం పెట్టే చోటు లేక నెలల తరబడి కింద చాప వేసింది. ఇప్పుడు నలభై ఎనిమిదేళ్ళ వయసులో, ఆ చుట్టుపక్కల ఇంజను కంప్యూటరు విప్పి మళ్ళీ మూయగల ధైర్యం ఉన్నవాళ్ళలో అతనొకడు. లోకమంతా దాన్ని ఈసీఎం అంటుంది. ఎజ్రా 'డబ్బా' అంటాడు.

మొన్న అక్టోబరులో, ఒక శుక్రవారం ఉదయం, అచ్చాయమ్మ గారి చేపల వ్యాను ట్రాక్టరుకి తాడు కట్టించుకుని ఆ షెడ్డుకి వచ్చింది.

అచ్చాయమ్మది మొగల్తూరు అవతల సముద్రం ఒడ్డు ఊరు. నెత్తిన తట్ట పెట్టుకుని వీధివీధీ తిరిగి అమ్మిన మనిషి. ఇప్పుడు ఒడ్డున వేలంపాటలో చేపలు కొని, వెనక సీట్లు తీసేసిన పెట్రోలు వ్యానులో ఐసు వేసి పాలకొల్లు మార్కెట్టుకి తెస్తుంది. యాభై ఆరేళ్ళు. గొంతు ఎలాంటిదంటే, ఆవిడ షెడ్డులో మాట్లాడితే రోడ్డుకి అవతల టీకొట్టువాడు కూడా తలూపుతాడు.

"ఈడేనండీ, ముంచేశాడు!" అంది దిగుతూనే. "బుధవారం అంత వానలో మోకాలి లోతు నీళ్ళల్లో పోనిచ్చాడు. ఆగరా, తగ్గాక వద్దువుగాని అని ఫోన్లో చెప్పానండి. ఆగితేనా? ఇవాళ లోడంతా రోడ్డు మీద పెట్టుకుని కూర్చున్నాం."

'ఈడు' అంటే లోకనాథ్, ఆవిడ అన్న కొడుకు. ఇరవై ఆరేళ్ళ కుర్రాడు. ట్రాక్టరు తాడు విప్పుతూ, తల ఎత్తకుండా నిలబడ్డాడు. ఆరేళ్ళ కిందట వేటకి వెళ్ళిన పడవ తిరగబడి అతని తండ్రి పోయాడు. ఆ పడవలో లోకనాథ్ కూడా ఉన్నాడు. తెల్లారాక వేరే పడవవాళ్ళు జుట్టు పట్టుకుని పైకి లాగారు. ఆ తరవాత అతను మళ్ళీ పడవెక్కలేదు, ఒడ్డుకి వెళ్ళినా తడి ఇసక దాకా వెళ్ళడు. అప్పుడు మేనత్తే ఈ వ్యాను కొని తాళంచెవి అతని చేతికిచ్చింది. ఆ సంగతి ఎజ్రాకి తెలుసు. ఆ ఒడ్డున అందరికీ తెలుసు.

"సోమవారం నుంచి ఈడు మా ఊరి బుల్లియ్య వేట పడవెక్కుతాడండి, మాట్లాడేశాను. బండి ఇస్తే బండిని ముంచాడు. ఇంకేం చెయ్యమంటారు ఈణ్ణి?" అంది అచ్చాయమ్మ.

లోకనాథ్ జేబులోంచి తాళంచెవి తీసి పనిబల్ల మీద పెట్టాడు.

ఎజ్రా స్టూలు లాక్కున్నాడు. "బుధవారం నీళ్ళల్లో వెళ్ళిందన్నారు. మరి గురువారం?"

"తిరిగిందండి," అంది ఆవిడే. "ఇవాళ పొద్దున్న కూడా ఊళ్ళోంచి బానే వచ్చింది. నరసాపురం దాటాక రెండుసార్లు ఎగిరెగిరి పడి ఆగిపోయింది."

"ఆఖరిసారి దీని మీద చెయ్యేసింది ఎవరండి?"

"మీరేనండి! ఇంకో మెకానిక్కుని ముట్టుకోనిస్తానా?" అంది అచ్చాయమ్మ గర్వంగా. "మీరు చూసి చెప్పండి. నీళ్ళంటే నీళ్ళు, కాదంటే కాదు. మీ మాటే నాకు మాట." చేపలు వేరే ఆటోలోకి ఎక్కించుకుని ఇద్దరూ మార్కెట్టుకి వెళ్ళిపోయారు.

ఎజ్రా తాళంచెవి తిప్పాడు. మీటరు పక్కన ఇంజను బొమ్మ లైటు వెలిగి ఆరాలి. అసలు వెలగనే లేదు. స్కానరు పెడితే అవతల నుంచి పలుకు లేదు. ఫ్యూజులు చూశాడు, రిలే చూశాడు, బాగానే ఉన్నాయి. డబ్బాకి బ్యాటరీ కరెంటు అందుతోంది, ఎర్తూ బాగుంది. డబ్బా నుంచి సెన్సార్లకి ఐదు వోల్టులు వెళ్ళాలి, అవి లేవు. ఒక్కోసారి చెడిపోయిన సెన్సారు ఒకటి ఆ ఐదు వోల్టుల్నీ కిందికి లాగేస్తుంది. అప్పుడు తొందరపడి డబ్బా మార్చినవాడు నవ్వులపాలవుతాడు. అందుకని ఒక్కో సెన్సారూ ఊడదీస్తూ మీటరు చూశాడు. అన్నీ ఊడదీసినా ఐదు వోల్టులు రాలేదు. ఇక అనుమానం లేదు, పోయింది డబ్బానే.

డాష్‌బోర్డు కింద నుంచి దాన్ని బయటికి తీసి కనెక్టరు లాగితే పైవరస పిన్నులు పచ్చగా చిలుం పట్టి ఉన్నాయి. కింది వరస శుభ్రంగా ఉంది. రోడ్డు మీద నీళ్ళు ఎక్కితే కింద నుంచి ఎక్కాలి. అతను వ్యానులో కాళ్ళకింది చాప ఎత్తి చూశాడు. బురద మరక లేదు, ఒండ్రు లేదు. పైగా అది రెండు రోజుల చిలుం కాదు. మూత విప్పితే లోపల ఒక మూల రాగిగీతలు తినేసి ఉన్నాయి, నెలల తరబడి కొంచెం కొంచెంగా తిన్న తిండి. ఆ మూల చుట్టూ పసుపు రంగు మరక. వాసన చూశాడు. చేపల వ్యాను కాబట్టి చేపల వాసనే వచ్చింది. కానీ కనెక్టరు సందులో గోరంత ఆకుముక్క ఎండిపోయి ఇరుక్కుని ఉంది. పట్టకారుతో తీసి వెలుగులో చూశాడు. వేపాకు.

సముద్రం ఒడ్డున ఆడవాళ్ళు శుక్రవారం పడవ ముక్కుకి పసుపునీళ్ళు పోస్తారు, అందులో వేపాకులు వేస్తారు. పడవ లేని అచ్చాయమ్మ వ్యానుకి పోస్తుంది. అద్దం మీద నుంచి చెంబు ఒంపుతుంది. అద్దం కింద పసుపు చారలు ఎజ్రా చాలాసార్లు చూశాడు. ఏళ్ళ తరబడి, ప్రతి శుక్రవారం, ఇవాళ పొద్దున్న కూడా.

ఇంకొకరైతే అక్కడితో పని ముగించి చేతులు కడుక్కునేవారు. ఎజ్రాకి మాత్రం లెక్క కుదరలేదు. కుంభవృష్టికి తట్టుకునేలా చేసిన బండి చెంబుడు నీళ్ళకి ఎందుకు చస్తుంది? ఆ నీళ్ళు వైపర్ల కింద గాడిలోంచి రోడ్డు మీదికి పోవాలి. లోపలికి ఎలా వచ్చాయి? తల డాష్‌బోర్డు కిందికి దూర్చి టార్చి వేశాడు. ఇంజనుకీ డ్రైవరుకీ మధ్య ఉండే ముందు రేకులో వైర్లు వచ్చే కన్నానికి రబ్బరు మూత ఉంటుంది. ఆ రబ్బరు బ్లేడుతో చీరి ఉంది. చీలికలోంచి హారను వైరు ఒకటి తిన్నగా కిందికి దిగి, డబ్బా నెత్తి మీదుగా పోతోంది. వైరుకి నీలం టేపు చుట్టి ఉంది. ఆ వీధిలో అందరూ నల్లటేపు వాడతారు. నీలం టేపు వాడేది ఎజ్రా ఒక్కడే.

అతను వెల్లకిలా పడుకునే ఆ టేపు మీద వేలు పెట్టాడు. రెండేళ్ళ కిందటి క్రిస్మస్ ముందు రోజు. వీధి మొదట్లో ఉండగానే వినపడే హారను కావాలని అచ్చాయమ్మ అడిగింది. సాయంత్రం ఆరింటికి చర్చిలో క్వయర్ పాటలు. ఎజ్రాది అందరికన్నా కింది స్థాయిలో పాడే బేస్ గొంతు, అతను లేకపోతే పాట ఒరిగిపోతుంది. రబ్బరు చీరి, వైరు లాగి, టేపు చుట్టి, పెట్రోలుతో చేతులు కడుక్కుని పరిగెత్తాడు. రేకులోంచి వైరు పంపేటప్పుడు కన్నానికి ముందు కాస్త కిందికి వంపు వదలాలి, అప్పుడు వైరు వెంట వచ్చిన నీళ్ళు ఆ వంపు దగ్గరే బొట్లుగా రాలిపోతాయి. పల్లంరాజు గారు మొదటి వారంలో నేర్పిన పాఠం అది. వంపు వదలలేదు, చీలికకి సీలూ వెయ్యలేదు. మొదటి ప్రశ్నకీ రెండో ప్రశ్నకీ అచ్చాయమ్మ నిజమే చెప్పింది. అటూ ఇటూగా చెప్పినవాళ్ళు ఎవరూ లేరు.

మధ్యాహ్నం భోజనానికి ఇంటికెళ్ళి చారులో అన్నం కలుపుతూనే ఉన్నాడు, తినడం లేదు. కుట్టుమిషను మీద జాకెట్టు కుడుతున్న ప్రసన్నకుమారి పాదం ఆపింది. ఏమైందని అడిగితే మొత్తం చెప్పాడు. చెప్పి, "పాతదైపోయిందని చెప్తే సరిపోతుంది. కన్నం నేను మూసేస్తాను. ఆ కుర్రాడు బయటపడతాడు. ఆవిడ పూజ ఆవిడ చేసుకుంటుంది. ఎవరికీ నష్టం లేదు," అన్నాడు.

ప్రసన్నకుమారి సూదిలో దారం ఎక్కించుకుంటూ, "ఆ క్రిస్మస్ హడావిడిలో ఇంకెన్ని బళ్ళకి అలా వేశారండీ?" అంది.

ఎజ్రా కంచం ముందు నుంచి లేచాడు. ఆ ఆలోచన తనకే రావాల్సింది. రానందుకు సిగ్గేసింది. ఆ సాయంత్రం కూర్చుని గుర్తొచ్చినవాళ్ళందరికీ ఫోన్లు చేశాడు, బండి ఒకసారి తీసుకురండి, ఊరికే చూస్తాను అని. ఊరికే అన్న మాట మాత్రం అతనికి రుచించలేదు.

రాజమండ్రిలో పాత బళ్ళు విడగొట్టేవాళ్ళ దగ్గర అదే నంబరున్న డబ్బా ఉంటే బస్సు పార్సిల్లో వేయించాడు. శనివారం పొద్దున్నే వచ్చింది. చీలిన రబ్బరు తీసేసి కొత్తది పెట్టాడు. వైరుకి వంపు వదిలి, చుట్టూ సీలు వేశాడు. నీళ్ళు పోసి చూశాడు, చుక్క దిగలేదు. కొత్త డబ్బా తగిలించి తాళం తిప్పితే ఇంజను తిరిగింది గానీ అందుకోలేదు. తాళంచెవి బొమ్మ లైటు కొట్టుకుంటోంది. ఊరు కాని ఊరి నుంచి వచ్చిన డబ్బాకి ఈ తాళంచెవి ఎవరిదో తెలియదు. దాని గుర్తులన్నీ పాత డబ్బాలో, ఎనిమిది కాళ్ళున్న గింజంత చిప్పులో ఉన్నాయి. అందులో ఒక కాలు సగం చిలుం తిన్నది. ఊపిరి బిగబట్టి దాన్ని ఊడదీసి, కాళ్ళు శుభ్రం చేసి, లోపలున్నది కంప్యూటరుతో మూడుసార్లు చదివించాడు. మూడుసార్లూ ఒకటే వచ్చింది. అదంతా కొత్త డబ్బాలోకి ఎక్కించి తాళం తిప్పాడు. మొదటి తిప్పుకే వ్యాను అందుకుంది.

మామూలుగా అయితే ఆ చప్పుడు వింటే ఎజ్రాకి కడుపు నిండినట్టుండేది. ఆ రోజు ఇంజను ఆపేసి, పాత డబ్బా మీద గుడ్డ కప్పాడు. 'పాతదైపోయిందండి.' ఒక్క మాట. రెండుసార్లు లోపల్లోపలే అనుకుని చూసుకున్నాడు.

పదకొండింటికి అత్తా అల్లుడూ వచ్చారు. బండి స్టార్టవడం చూసి అచ్చాయమ్మ మొహం విప్పారింది.

"ఏమైందండీ దీనికి?"

"పాతదైపోయిందండి. వాటికీ ఒక వయసుంటుంది," అన్నాడు ఎజ్రా, స్పానర్లు సర్దుతూ.

"తీసేసింది ఏదండీ, ఓసారి చూపించండి."

చేప కొనేటప్పుడు మొప్ప ఎత్తి చూడకుండా డబ్బులివ్వని మనిషి ఆవిడ. ఎజ్రా చెయ్యి చాచేలోపే గుడ్డ తీసేసి, డబ్బాని అటూ ఇటూ తిప్పింది. పచ్చటి పిన్నుల మీద బొటనవేలు రుద్దింది.

"ఇది నీళ్ళు కాదాండీ? మా రాగిచెంబు కడక్కపోతే ఇలాగే పచ్చబడద్ది. ఈణ్ణి కాయడానికి చెప్తున్నారు మీరు. మీకు జాలెక్కువ. ఆడి తండ్రీ ఇంతే, ఎవరి మాటా వినేవాడు కాదు."

"సరే అత్తా, సోమవారం వెళ్తాను," అన్నాడు లోకనాథ్.

రెండు రోజుల్లో అతని నోటి నుంచి ఎజ్రా విన్న మొదటి మాట అదే. గొంతులో కోపం లేదు, దుఃఖమూ లేదు. అరటిపళ్ళు తెస్తాను అన్నంత మామూలుగా అన్నాడు. కానీ అతని చెయ్యి వ్యాను తలుపుని పట్టుకుని వదలడం లేదు.

ఎజ్రాకి ఇక తట్టుకోవడం చేతకాలేదు. "నీళ్ళేనండి," అన్నాడు. "నేను అబద్ధం చెప్పాను. కానీ రోడ్డు మీద నీళ్ళు కావు. రోడ్డు నీళ్ళయితే కింద నుంచి ఎక్కాలి, బురదుండాలి. ఇవి పైనుంచి దిగాయి. ఈ మరక చూడండి." కాగితంలో మడిచి దాచిన వేపాకు ముక్క విప్పి ఆవిడ అరచేతిలో పెట్టాడు.

అచ్చాయమ్మ ఆ ముక్కని వేలితో తిప్పి చూసింది. ఆవిడ గొంతు తగ్గడం ఆ షెడ్డులో ఎవరూ ఎప్పుడూ వినలేదు.

"శుక్రవారం నీళ్ళా?"

"అవునండి."

"మా అన్న పోయిన రోజు పడవకి పోయలేదండి నేను. ఒంట్లో బాగోక పడుకున్నాను. ఈడికి కూడా అలా ఏమీ అవకూడదనే పోశానండి ఈ నీళ్ళు." ఆవిడ తలుపు పట్టుకుని నిలబడ్డ మేనల్లుడి వైపు చూడలేకపోయింది. "ఈడి కోసం పోసిన నీళ్ళు చూపించి ఈణ్ణే సముద్రంలోకి పంపబోయానా?"

ఎజ్రా వెంటనే మాట్లాడలేదు. ఆ సంగతి ఉన్నదున్నట్టు ఒప్పుకోవాలి. కుర్రాడు బయటపడ్డాడు, తప్పు ఆవిడ మీదికి వెళ్ళింది, ఆవిడ కూడా దాన్ని మోయడానికి సిద్ధంగానే ఉంది. ఇంకొక్క నిమిషం నోరు మూసుకుని ఉంటే అతని పేరు ఎక్కడా రాదు. ఆ నిమిషంలో కొంత భాగం అతను నిజంగానే నోరు మూసుకుని ఉన్నాడు.

"మీ నీళ్ళు బయటికే పోవాలండి," అన్నాడు చివరికి. "ఎంత పోసినా బయటికే పోవాలి. లోపలికి దారి చేసింది నేను. హారను పెట్టిన రోజు రబ్బరు చీరి, సీలు వెయ్యకుండా వదిలేశాను. చర్చికి టైమైపోతోందని." తీసేసిన రబ్బరు మూత చూపించి, చీలికలో వేలు పెట్టి చూపించాడు.

అచ్చాయమ్మ రబ్బరు చూసింది, అతన్ని చూసింది. ఇక మొదలైంది. ఎజ్రా దగ్గరికే వెళ్ళండని ఎంతమందికి చెప్పిందో, ఎంత నమ్మిందో, ఇంత చిన్న రబ్బరు ముక్క దగ్గర అంత పెద్ద మనిషి ఎలా కక్కుర్తి పడ్డాడో టీకొట్టుదాకా వినపడేలా అడిగింది. టీకొట్టువాడు ఈసారి తలూపలేదు, గ్లాసులు కడుగుతున్నట్టు నటించాడు. ఎజ్రా చేతులు కట్టుకుని నిలబడి అంతా విన్నాడు.

అలిసిపోయాక ఆవిడ చెంగుతో మొహం తుడుచుకుంది. "సర్లెండి. ఇదంతా ఇక్కడితో వదిలేద్దాం. బయటికెళ్ళి ఎవరితోనూ అనను."

"అలా ఎలా వదుల్తారండి?" అన్నాడు ఎజ్రా. "ఇతను బండి ముంచాడని ఊరంతా చెప్పారు కదా. ముంచలేదంటే, మరెవరు చేశారని అడుగుతారు. చెప్పకపోతే నమ్మరు. నా పేరు చెప్పండి."

అచ్చాయమ్మ ఫోను తీసి, కళ్ళకి దూరంగా పట్టుకుని, స్పీకరు పెట్టి బుల్లియ్యకి చేసింది. వెనకాల గాలీ, సముద్రమూ, ఎవరో వల గురించి అరుస్తున్నదీ షెడ్డులోకి వినపడ్డాయి. లోకనాథ్ ఒక అడుగు వెనక్కి వేశాడు.

"బుల్లియ్యా, సోమవారానికి ఇంకో మనిషిని చూసుకో. మావాడు రాడు."

"అదేంటక్కా, బండి ముంచాడు, ఇక ఇవ్వనన్నావుగా?"

"ముంచలేదు. నాదే తొందరపాటు."

"మరి తప్పెవరిది?"

ఎజ్రా తలూపాడు, చెప్పండి అన్నట్టు. అచ్చాయమ్మ రబ్బరు ముక్క వైపు ఒకసారి, అరచేతిలో వేపాకు వైపు ఒకసారి చూసుకుంది.

"సగం నాది, సగం పాలకొల్లు ఎజ్రా గారిది. ఈడిది మాత్రం ఇసుమంత కూడా లేదు. వినపడిందా? ఒడ్డున అందరి దగ్గరా చెప్పు. నేనూ వచ్చి చెప్తాను."

సగం అని విన్నప్పుడు ఎజ్రాకి ఊపిరాడింది. ఆవిడ తూకంలో ఎప్పుడూ తేడా ఉండదు.

అచ్చాయమ్మ ఫోను చెంగున ముడేసుకుని, వెళ్ళి వ్యానులో డ్రైవరు పక్క సీట్లో కూర్చుంది. లోకనాథ్ అటువైపు తలుపు తీసి ఎక్కి స్టీరింగు ముందు కూర్చున్నాడు. ఇంజను స్టార్టు చెయ్యలేదు. స్టీరింగు మీద తల ఆనించాడు, భుజాలు కదులుతున్నాయి. మార్కెట్టులో ఐసు అయిపోయే వేళవుతోంది. అచ్చాయమ్మ అద్దంలోంచి రోడ్డు వైపే చూస్తూ, పద అనకుండా, అతను తల ఎత్తేదాకా కూర్చుంది.